ఉచితంగా ఇచ్చే తల్లీబిడ్డ కార్డు: రెండు కాన్పుల తర్వాత నా రివ్యూ

ఇది డబ్బులిచ్చి కొన్న వస్తువు కాదు. కడుపుతో ఉన్నామని పేరు రాయించుకోగానే ఏఎన్‌ఎం, అంటే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం నర్సమ్మ, మన చేతిలో పెట్టే మడతల కార్డు. ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల రక్షణ కార్డు) అని రాసి ఉంటుంది, మా ఊళ్ళో మాత్రం అందరూ టీకాల కార్డు అనే అంటారు. ఆ పేరు వల్లే చాలా నష్టం జరుగుతోందని నా అభిప్రాయం. టీకాలదే కదా, బిడ్డ పుట్టాక చూద్దాంలే అని బీరువాలో పెట్టేస్తాం. నేనూ అలాగే పెట్టేశాను. అందులో ముందు పేజీలన్నీ తల్లి గురించే అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మా అత్తవారిల్లు విశాఖపట్నం, పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. మొదటి కాన్పుకి ఏడో నెల వరకు వైజాగ్‌లోనే ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో చూపించుకున్నాను. కార్డు తీసుకెళ్తే "ఇది మాకు అక్కర్లేదు, మా ఫైలు ఉంటుంది" అన్నారు. ఆ ఫైలు కూడా వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. సీమంతం చేసి అమ్మావాళ్ళు నన్ను ఇంటికి తీసుకొచ్చారు. ఎనిమిదో నెలలో కాళ్ళు, చేతులు, ఆఖరికి మొహం కూడా ఉబ్బింది. నెలలు నిండుతున్నాయి కదా, నీరు దిగుతుంది, మామూలే అన్నారు ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరూ. ఒక రాత్రి తల పగిలిపోయేంత నొప్పి, కళ్ళ ముందు మసక. అమ్మ నుదుటికి బామ్ రాసి పడుకోబెట్టింది. తెల్లారేసరికి చూపు సరిగ్గా ఆనట్లేదంటే అప్పుడు ఆటో పిలిచారు.

ఆసుపత్రిలో బీపీ 160/110. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, ఇంతకు ముందు బీపీ ఎంత ఉండేది? నాకు తెలీదు. అమ్మకి తెలీదు. మా ఆయన వైజాగ్‌లో ఉన్నారు, ఆ నర్సింగ్ హోమ్ వాళ్ళు ఫోన్ ఎత్తలేదు. కార్డు తీసి చూస్తే నా పేరు, ఊరు, ఆఖరి నెలసరి తేదీ తప్ప అన్నీ ఖాళీ గడులే. ఇంకో పూట ఆగుంటే ఫిట్స్ వచ్చేవని చెప్పారు. మన పెద్దవాళ్ళు గుర్రపువాతం అనే జబ్బు ఇదే, దానికి ముందు వచ్చే గుర్తులే నాకు ఆ రాత్రి వచ్చాయి. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం ఇంజెక్షన్లు ఇచ్చి ఆపరేషన్ చేశారు. బాబు కేజీ తొమ్మిది వందలు. ఇప్పుడు బాగున్నాడు, బడికి వెళ్తున్నాడు, కానీ ఆ వారం మా ఇంట్లో ఎవరూ అన్నం సరిగ్గా తినలేదు.

డిశ్చార్జ్ అయి ఇంటికొచ్చాక, పాలిస్తూ కూర్చుని ఆ కార్డు మొదటిసారి పూర్తిగా చదివాను. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఒళ్ళంతా వాపు, ఫిట్స్, రక్తం పోవడం, జ్వరం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలని బొమ్మలతో సహా ఉంది. చదువురాని వాళ్ళకి కూడా అర్థమయ్యే బొమ్మలు. నా దగ్గర ఐదు నెలలుగా ఉన్న కాగితంలోనే ఇదంతా ఉంది. ఎంత ఏడుపొచ్చిందో చెప్పలేను.

రెండో కాన్పుకి కార్డుని హ్యాండ్‌బ్యాగ్‌లోంచి తియ్యలేదు. వెళ్ళిన ప్రతిసారీ బరువు, బీపీ, రక్తం శాతం, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్, గర్భసంచి ఎత్తు, బిడ్డ గుండె చప్పుడు, ఏ గడీ ఖాళీగా వదలనివ్వలేదు. నేను పోరుపెడుతున్నానని సిస్టర్ ఒకసారి విసుక్కుంది కూడా, అయినా రాసింది. అలా రాయించడం వల్ల ఏమైందంటే, నా బీపీ ఒక వరుసలో కనిపించింది: 110/70, 118/76, 130/86, ఆ తర్వాత 142/92. ఒక్క రోజు అంకె చూస్తే నడిచొచ్చావు కదా, కాసేపు కూర్చో అంటారు. వరుస చూసేసరికి మా ఏఎన్‌ఎం అమ్మ అప్పటికప్పుడు మూత్ర పరీక్ష చేయించి, హైరిస్క్ అని రాసి, పెద్దాసుపత్రికి పంపింది. మాత్రలు వాడుతూ, వారం వారం చూపించుకుంటూ 37 వారాలకి పాపని కన్నాను. 102 బండి, అదే తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్, ఇంటి గుమ్మం దాకా దింపింది.

అందుకే నేను ఈ కార్డుకి ఐదుకి నాలుగు ఇస్తాను. మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో అనే ఆనవాయితీ ఉంది, నాకు అది ఇష్టమే, అమ్మ చేతి వంట ఆ సమయంలో దేనికీ సాటిరాదు. కానీ దానివల్ల సరిగ్గా బీపీ, రక్తహీనత ముదిరే నెలల్లోనే డాక్టరు మారిపోతారు. పాత డాక్టరుకి, కొత్త డాక్టరుకి మధ్య ఉన్న ఒకే ఒక్క దారం ఈ కార్డు. 2010లో ఆరోగ్య శాఖ, మహిళా శిశు సంక్షేమ శాఖ కలిసి తెచ్చిన ఈ కార్డులో ఒకవైపు తల్లి, ఇంకోవైపు బిడ్డ ఎదుగుదల గ్రాఫు, ఆడపిల్లకి గులాబీ రంగు, మగపిల్లాడికి నీలం. అంతా ఒకే చోట.

ఒక మార్కు ఎందుకు కోశానంటే, ఇచ్చేవాళ్ళు దీన్ని విప్పి చెప్పరు. ఏటా ఏప్రిల్ 11న, కస్తూర్బా గాంధీ పుట్టినరోజున, జాతీయ సురక్షిత మాతృత్వ దినం జరుపుతారు. బ్యానర్లు, ర్యాలీలు మంచివే, కానీ ఆ రోజు ప్రతి గర్భిణినీ భర్తతో, అత్తగారితో కూర్చోబెట్టి పది నిమిషాలు కార్డు చదివిస్తే ఎంత బాగుంటుంది! ఆ రాత్రి నిర్ణయం తీసుకోవాల్సింది నేను కాదు, నా పక్కనున్నవాళ్ళు. అట్ట కూడా పల్చగా ఉంది, మడతల దగ్గర చిరిగిపోతుంది, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. బాలింత మనసు గురించి, దిగులు గురించి నాకిచ్చిన కార్డులో ఏమీ కనిపించలేదు. అది ఉండాలి.

ఐరన్ మాత్రల సంగతి వేరే చెప్పాలి. నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180, కాన్పయ్యాక ఇంకో 180. వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందని మా పక్కింటి పిన్ని ఇప్పటికీ అంటుంది. అది నిజం కాదు, నల్లగా అయ్యేది విరేచనం మాత్రమే, దానికి భయం లేదు. టీతో వేసుకోకండి, కాల్షియం మాత్రతో కలిపి వేసుకోకండి, ఒంటికి పట్టదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. రక్తం తక్కువున్న మనిషి కాన్పులో కొద్దిగా రక్తం పోయినా తట్టుకోలేదు. ఇక కాన్పయ్యాక పథ్యం అని కారప్పొడి, వెల్లుల్లితో వారాల తరబడి నెట్టించడం దయచేసి ఆపండి, పాలిచ్చే తల్లికి పప్పు, ఆకుకూర, గుడ్డు, నీళ్ళు అన్నీ కావాలి. కాన్పుతో ప్రమాదం అయిపోదు కూడా, అందుకే ఆసుపత్రిలో కాన్పయినా ఊరి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులకి ఇంటికి రావాలి. రాకపోతే ఫోన్ చేసి పిలవండి.

2018-20 లెక్కల్లో ప్రాణంతో పుట్టిన ప్రతి లక్ష మంది బిడ్డలకి చనిపోయిన తల్లులు ఆంధ్రాలో 45, తెలంగాణలో 43, దేశం మొత్తానికి 97. మనం మెరుగే, నిజమే. కానీ ఆ 45లో ఒకదాన్ని నేనై ఉండేదాన్ని.

ఇప్పుడు మా చెల్లికి ఆరో నెల. చెకప్ అయిన ప్రతిసారీ కార్డు ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పెడుతుంది. ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకి డాక్టరు ఉచితంగా చూస్తారు కదా, ఈసారి అక్కడికే వెళ్తోంది. కిందటిసారి మూత్ర పరీక్ష గడి ఖాళీగా ఉంది. రాయించుకోకుండా బయటికి రావద్దని చెప్పాను.