పని వచ్చిన లీడా, మనుషులు తెలిసిన లీడా: టీమ్‌కి ఏది మేలు?

సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్ మానేసి వెళ్లిపోతే ఆ సీటుకి మామూలుగా రెండు పేర్లు వినిపిస్తాయి. ఒకటి, కోడ్‌లో ఏ మూల ఏముందో కళ్లు మూసుకుని చెప్పగల సీనియర్‌ది. రెండోది, కోడ్ ఓ మోస్తరుగానే వచ్చినా నలుగురినీ కలుపుకుపోయే, క్లయింట్ కాల్‌లో తడబడని మనిషిది. చాలాసార్లు మొదటి పేరే గెలుస్తుంది. పని బాగా చేశాడు కాబట్టి ప్రమోషన్ ఇవ్వాలి, పైన ఉన్న పోస్టు అదొక్కటే కాబట్టి లీడ్‌ని చెయ్యాలి. అసలు అతనికి మనుషుల్ని నడపడం ఇష్టమేనా అని అడిగేవాళ్లు తక్కువ. అడిగినా వద్దనేవాళ్లు ఇంకా తక్కువ, జీతం పెరిగేది అక్కడే మరి.

నేను రెండు రకాల వాళ్ల కిందా పనిచేశాను. పని వచ్చిన లీడ్ దగ్గర కొత్తగా చేరినవాళ్లకి పండగే. ఎక్కడైనా ఇరుక్కుపోయి "అన్నా, ఒక్కసారి చూడవా" అంటే చాలు, కుర్చీ లాక్కుని పక్కన కూర్చునేవాడు. లాగ్ ఫైల్ పైనుంచి కిందికి ఒకసారి చూసి, "ఇదిగో, ఇక్కడ కనెక్షన్ క్లోజ్ చెయ్యలేదు" అనేవాడు. పొద్దున్నుంచి మేం వెతుకుతున్నది అదే. క్లయింట్ వారం పనిని రెండు రోజుల్లో అడిగితే, "కుదరదండీ, ఈ టేబుల్ మారిస్తే బిల్లింగ్ మొత్తం మళ్లీ టెస్ట్ చెయ్యాలి" అని కారణంతో సహా చెప్పేవాడు. అలా చెబితే అవతలివాళ్లు పెద్దగా వాదించరు.

టీమ్ పెరిగాక కష్టాలు మొదలయ్యాయి. ఎంతమంది వచ్చినా కీబోర్డు మాత్రం అతని చేతిలోంచి కదల్లేదు. మేం రివ్యూకి పెట్టిన కోడ్‌ని రాత్రికి రాత్రి తనే తిరగరాసి మెర్జ్ చేసేసేవాడు, అంటే అసలు కోడ్‌లో కలిపేసేవాడు. తప్పెక్కడుందో కూర్చోబెట్టి చెప్పేలోపు తనే రాసేయొచ్చు కదా అన్నది అతని లెక్క. ఆ ఒక్కరోజుకి చూస్తే లెక్క సరైనదే. కానీ కొత్త వెర్షన్ బయటికి వదిలే రిలీజ్ రాత్రి డేటాబేస్ స్క్రిప్ట్ సగంలో ఆగిపోతే మేమంతా అతని వెనక నిలబడి స్క్రీన్ చూసేవాళ్లం. ఏ తీగ ముట్టుకుంటే ఏమవుతుందోనని ఎవరూ చెయ్యి పెట్టేవారు కాదు. ఈలోపు క్లయింట్ మేనేజర్ ఒక్కొక్కరికీ విడివిడిగా మెసేజ్‌లు పెట్టేవాడు, మేం తలో జవాబు చెప్పేవాళ్లం. క్యాబ్‌ల టైమ్ దాటిపోయిందని ట్రాన్స్‌పోర్ట్ వాళ్లకి ఫోన్ చేసిన పాపాన పోయినవాడు లేడు. మా లీడ్ తన చెల్లెలి పెళ్లికి ఊరెళితే, మండపంలోంచి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకునే కాల్‌లో ఉన్నాడు. దాన్ని అంకితభావం అని మెచ్చుకున్నారు మా పైవాళ్లు. ఆయన లేకపోతే టీమ్ నడవని పరిస్థితి వచ్చిందని ఎవరికీ తట్టలేదు.

తర్వాతి టీమ్‌లో లీడ్ టెస్టింగ్ వైపు నుంచి వచ్చిన ఒకావిడ. కోడ్ రాయడం ఆవిడకి అంతగా రాదు, ఆ సంగతి ఆవిడే ముందు చెప్పేసింది. అక్కడా ఓ రిలీజ్ రాత్రి స్క్రిప్ట్ ఆగింది. ఆవిడ చేసినవి చూడటానికి చిన్న పనులే. స్క్రిప్ట్ రాసిన అబ్బాయికీ ఇంకొకరికీ తప్ప మిగతా అందరికీ ల్యాప్‌టాప్‌లు మూసేయమంది. చేసిన ప్రతి స్టెప్పూ టైమ్‌తో సహా రాసుకునే పని ఒకమ్మాయికి అప్పజెప్పింది. క్లయింట్‌తో తనొక్కతే మాట్లాడుతూ, "అరగంటకోసారి నేనే అప్‌డేట్ ఇస్తాను, మా వాళ్లకి మెసేజ్‌లు పెట్టకండి" అని చెప్పింది. రెండు గంటలకల్లా దొరక్కపోతే రోల్‌బ్యాక్ చేసి పాత వెర్షన్‌కి వెళ్లిపోదామని ముందే గడువు పెట్టింది. రెండయింది, దొరకలేదు, వెనక్కి తీసేశారు. మర్నాడు కాల్‌లో రోల్‌బ్యాక్ నిర్ణయం నాదే అంది. స్క్రిప్ట్ ఎవరు రాశారన్న మాట ఆవిడ నోట రాలేదు.

అయితే ఆవిడ దగ్గరా లోటు ఉంది. "తొంభై శాతం అయిపోయింది మేడం" అని మూడు వారాలపాటు అదే శాతం చెప్పిన మహానుభావుణ్ని ఆవిడ పట్టుకోలేకపోయింది. పని ఎంత పడుతుందో సొంతంగా అంచనా వెయ్యలేకపోయేది కాబట్టి, క్లయింట్ గట్టిగా అడిగితే ఒప్పేసుకునేది. ఆ భారం శని, ఆదివారాల రూపంలో మా మీద పడేది. ఎంత మంచిగా మాట్లాడినా వారాంతం వారాంతమే. ఇక మనుషులూ తెలియక, పనీ రాక, వచ్చిన మెయిల్‌ని ‘ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్’ అని కిందికి తోసే లీడ్‌లు వేరే జాతి, వాళ్లని ఈ పోటీలోకి తీసుకురావడం అనవసరం.

ఈ తగవు మనదొక్కళ్లదే కాదు. గూగుల్ 2002లో ఇంజనీర్లకి అసలు మేనేజర్లే వద్దని తీసేసి చూసింది. కొన్ని నెలలకే ఖర్చుల బిల్లుల దగ్గర్నుంచి చిన్నా చితకా గొడవల దాకా అన్నీ నేరుగా కంపెనీ స్థాపకుల్లో ఒకరైన లారీ పేజ్ దగ్గరికి రావడంతో ఆ ప్రయోగం మానుకున్నారు. తర్వాత మంచి మేనేజర్ ఏం చేస్తాడో తేల్చడానికి ‘ప్రాజెక్ట్ ఆక్సిజన్’ పేరుతో సొంత ఉద్యోగుల సర్వేలు, అప్రైజల్ రికార్డులు తిరగేశారు. తేలిన ఎనిమిది లక్షణాల్లో మొదటిది నేర్పించడం, దగ్గరుండి తీర్చిదిద్దడం. సాంకేతిక నైపుణ్యం చిట్టచివరిది, ఎనిమిదోది. కోడింగ్ రాని మేనేజర్లు ఇది చూపించి సంబరపడతారు గానీ, చివర్లోనైనా అది జాబితాలో ఉందన్న సంగతి మర్చిపోతారు.

మనకి దగ్గరి ఉదాహరణ శ్రీహరికోట. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం విఫలమై రాకెట్ సముద్రంలో పడింది. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం, ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్. విలేకరుల ముందుకి ధావన్ వెళ్లి బాధ్యత తన మీద వేసుకున్నారు. 1980 జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరినప్పుడు మాత్రం కలాంనే పంపించారు. కలాం ఈ మాట చాలా సభల్లో చెప్పారు, వాట్సాప్‌లో కూడా తెగ తిరుగుతుంది. నాకు అంతకంటే గొప్పగా అనిపించేది ఆ రెండు తేదీల మధ్యలో జరిగింది. పోయిన రాకెట్ తాలూకు ప్రాజెక్టుని వేరేవాళ్లకి ఇవ్వకుండా కలాం చేతుల్లోనే ఉంచారు. మాటతో వెనకేసుకురావడం సులువే, పని మళ్లీ చేతిలో పెట్టాలంటే ఆ మనిషి పనిని తూచగలగాలి. ధావన్ తూచగలరు. ఆయన స్వయంగా ఏరోనాటిక్స్ ప్రొఫెసర్, అప్పట్లో బెంగళూరు ఐఐఎస్సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) డైరెక్టర్ కూడా ఆయనే.

కాబట్టి నన్నడిగితే, ఇద్దరు ముగ్గురు ఫ్రెషర్లతో కొత్తగా మొదలయ్యే టీమ్‌కి పని వచ్చిన లీడే మేలు. అక్కడ పక్కన కూర్చుని చూపించేవాడు లేకపోతే ఏదీ ముందుకు కదలదు. ఏడెనిమిది మంది దాటాక మాత్రం నా ఓటు మనుషులు తెలిసినవాళ్లకే, ఒక షరతు మీద: క్లయింట్‌కి కారణంతో ‘కుదరదు’ అని చెప్పగలిగేంత పని తెలిసుండాలి. అంతవరకూ ఏడాదిలో నేర్చుకోవచ్చు. కీబోర్డు వదలడం అలవాటు లేనివాడికి ఆ అలవాటు ఏడాదిలో రావడం నేను చూడలేదు. అప్రైజల్‌లో ఎవరినో ఒకరిని అడుగున పెట్టాల్సిందేనన్న బెల్ కర్వ్ ఉన్నచోట ఎంత మంచి లీడ్ అయినా సగం ఓడిపోయినట్టే. మైక్రోసాఫ్ట్ ఆ పద్ధతిని 2013 నవంబర్‌లో ఎత్తేసింది. మన సత్య నాదెళ్ల వచ్చాక తీసేశారనుకుంటారు గానీ, ఆయన సీఈఓ అయ్యింది 2014 ఫిబ్రవరిలో.

ఎవరిని లీడ్ చెయ్యాలో తేలకపోతే ఇంటర్వ్యూలు అక్కర్లేదు. ఇద్దరికీ ఓ నెలపాటు జూనియర్ల కోడ్ రివ్యూ అప్పగించండి. ఎవరు కామెంట్లు రాసి వెనక్కి పంపుతున్నారు, ఎవరు తామే తిరగరాసేస్తున్నారు అన్నది రికార్డులోనే కనిపిస్తుంది. తిరగరాసే మనిషికి, మనుషుల్ని నడపకుండా సాఫ్ట్‌వేర్ డిజైన్ చూసుకునే ఆర్కిటెక్ట్ లాంటి పోస్టు, లీడ్‌తో సమానమైన జీతం ఇస్తే అతనూ హాయిగా ఉంటాడు. ఇలా రెండు దారులున్న కంపెనీలు ఇప్పటికే చాలా ఉన్నాయి. లేనిచోట హెచ్‌ఆర్‌ని అడగాల్సింది మొదట అదే.