కార్నెగీ హాల్‌లో వీవర్స్: చిటపటలున్నా వదలబుద్ధి కాని ఎల్పీ

న్యూయార్క్‌లో ఓ పాత రికార్డుల కొట్టులో ‘ద వీవర్స్ ఎట్ కార్నెగీ హాల్’ ఎల్పీ దొరికింది. అట్ట అంచులు నలిగాయి. రెండో వైపు మొదట్లో చిటపటలు. అమ్మినాయన ఆ మాట ముందే చెప్పాల్సింది. అయినా తిరిగిచ్చేయబుద్ధి కాలేదు.

వీవర్స్ అంటే నలుగురు అమెరికన్ జానపద గాయకుల బృందం: పీట్ సీగర్, లీ హేస్, రానీ గిల్బర్ట్, ఫ్రెడ్ హెల్లర్‌మన్. 1950లో వీళ్ల ‘గుడ్‌నైట్ ఐరీన్’ పాట అమెరికా పాటల జాబితాలో 13 వారాలు అగ్రస్థానంలో ఉంది. ఆపైన కమ్యూనిస్టులని ముద్ర వేశారు. రేడియోలు, హాళ్లు తలుపులు మూసేశాయి. 1952కల్లా బృందం చెదిరిపోయింది. 1955 క్రిస్మస్ ముందు రాత్రి న్యూయార్క్‌లోని కచేరీ మందిరం కార్నెగీ హాల్‌లో మళ్లీ కలిసి పాడిన కచేరీ ఇది. వాన్‌గార్డ్ కంపెనీ 1957లో విడుదల చేసింది.

నాలుగు గొంతులూ ఒక్కసారిగా కలిసేచోట నాకు ఒళ్లు గగుర్పొడిచింది. హేస్ మంద్రస్వరం నేల పరిచినట్టుంటుంది. గిల్బర్ట్ గొంతు దాని మీంచి ఏ బెరుకూ లేకుండా పైకి లేస్తుంది. మధ్యమధ్య జనం చప్పట్లు. అన్నాళ్లు నోరు నొక్కేసిన మనుషులకు ఆ చప్పట్లు ఎలా వినిపించాయో!

హెడ్‌ఫోన్స్ వద్దు. గదిలో స్పీకర్లు పెట్టుకుని, ఇంట్లోవాళ్లందరినీ కూర్చోబెట్టి వినండి. పల్లవి అందుకోకుండా ఎవరూ ఉండలేరు.