బరంపురం వైపు పిల్లి కూనలు కొనేవాళ్లకు జాగ్రత్త

బరంపురం, ఛత్రపురం, ఇచ్ఛాపురం చుట్టుపక్కల పర్షియన్ కూనల కోసం వెతుకుతున్నవాళ్లు కొనే ముందు ఇది చదవండి. ముద్దొచ్చే ఫొటోలు పంపి, "మీరు ఇంటిదాకా ఎందుకండీ, స్టేషన్ దగ్గరికి నేనే తెచ్చిస్తాను" అనేవాళ్ల దగ్గర దయచేసి కొనకండి. తల్లి పిల్లినీ, అవి ఉండే గదినీ కళ్లారా చూడందే డబ్బు పంపకండి.

మా అక్క కూతురి కోసం తెచ్చిన కూన వచ్చీ రాగానే తిండి మానేసింది. పసుపు నురగ కక్కుకుంది. నీళ్ల గిన్నె మీదికి తల వాల్చి అలాగే కూర్చునేది, ఒక్క చుక్క తాగేది కాదు. డాక్టరు గారు పరీక్ష చేసి పాన్‌ల్యూకోపీనియా అన్నారు. పిల్లుల పార్వో అనే వైరస్ జబ్బు అంటే అదే. బతకలేదు.

టీకా కార్డు చూపిస్తే ఆయన పక్కన పెట్టేశారు. నిజంగా టీకా వేస్తే సీసా మీది లేబుల్ తీసి కార్డుకి అంటిస్తారు, బ్యాచ్ నంబరు కనిపిస్తుంది. పక్కన డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉంటాయి. మాకిచ్చిన కార్డులో ఉన్నవి పెన్నుతో రాసిన తేదీలే. అసలు మొదటి టీకాయే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలవుతుంది. పాలపళ్లు కూడా పూర్తిగా రాని కూనకి రెండు డోసులు అయిపోయినట్టు రాశారు.

అడుగుదామని అమ్మినవాళ్ల ఇల్లు కనుక్కుని వెళ్లాం. వీధి గుమ్మం దగ్గరే ఉచ్చ ఘాటుకి కళ్లు మండాయి. లోపల కోళ్ల బోనులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, పై బోనులోది కింద వాటి మీద పడుతోంది. ఒక తల్లి పిల్లికి రెండు కళ్లూ చీముతో అతుక్కుపోయాయి. అలాగే పడుకుని పాలిస్తోంది. ఆ ఇంటావిడ ఏడ్చింది, "అన్నీ నా బిడ్డలేనండీ" అంది. ప్రేమతోనే మొదలుపెట్టి ఉంటుంది, నేను కాదనను. ఆవిడకీ సాయం కావాలి. కానీ ఆ ప్రేమతో ఆ తల్లి పిల్లి కళ్లు తెరుచుకోవు కదా. పోయినదానికి బదులు ఇంకో కూనని చేతిలో పెట్టబోయింది. చాలామంది అక్కడితో రాజీపడి తీసుకెళ్లిపోతారట. అలా చేస్తే మిగిలినవి ఆ బోనుల్లోనే ఉండిపోతాయి. మీ డబ్బు మీకు వచ్చేసినా అంతే. అందుకే ఫిర్యాదు పెట్టండి.

1960 నాటి జంతు హింస నివారణ చట్టం, సెక్షన్ 11లో ఇదంతా ఉంది. కదలడానికి చోటు లేని బోనులో ఉంచడం, చాలినంత తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడం నేరం. ఆకలితోనో, కిక్కిరిసిన చోట ఉండడం వల్లనో బాధపడుతున్న జంతువుని అమ్మజూపడం కూడా నేరమే. 2018 పెట్ షాప్ రూల్స్ ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ లేకుండా ఇలాంటి వ్యాపారం చేయకూడదు.

పోలీస్ స్టేషన్లో "పిల్లికి కేసేంటి బాబూ" అంటారు. ఈ నేరాల్లో చాలావాటికి పోలీసులు మేజిస్ట్రేటు అనుమతి లేకుండా దర్యాప్తు చేయలేరు, అందుకే వెనక్కి పంపేస్తారు. మీరు వెనక్కి రాకండి. ఫిర్యాదు రాసిచ్చి, డైరీలో ఎక్కించమనండి, నకలు తీసుకోండి. లేదా లాయరు ద్వారా నేరుగా మేజిస్ట్రేటు దగ్గరికే వెళ్లండి. జిల్లా ఎస్‌పీసీఏకీ (జంతు హింస నివారణ సంఘం), పశుసంవర్ధక శాఖకీ ప్రతులు పంపండి. గడువు మాత్రం మరచిపోవద్దు: నేరం జరిగిన మూడు నెలల్లోపే కేసు వేయాలి, అది సెక్షన్ 36.

మొదటి నేరానికి ఆ చట్టం రాసిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు. చదివితే ఒళ్లు మండుతుంది. అయినా కేసు ముఖ్యం, ఎందుకంటే నేరం రుజువైతే సెక్షన్ 29 కింద పిల్లుల్ని స్వాధీనం చేసుకోమనీ, ఇకపై జంతువుల్ని పెంచకూడదనీ కోర్టు చెప్పగలదు. కేసు నడుస్తున్నప్పుడు కూడా వాటిని షెల్టర్‌లో ఉంచమని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. కేసులో ఉన్న జంతువుల సంరక్షణ కోసం పెట్టిన 2017 రూల్స్ అందుకే ఉన్నాయి.

మీ డబ్బు సంగతి వేరే దారి. ఇచ్ఛాపురం వాళ్లు బరంపురం దాకా తిరగక్కర్లేదు. కొనుగోలుదారు ఉండే చోటే వినియోగదారుల కమిషన్లో వేయొచ్చు కాబట్టి శ్రీకాకుళం చాలు. రెండేళ్ల గడువు, 5 లక్షల లోపు కొన్నదానికి ఫీజు లేదు.

కూన చనిపోతే వెంటనే పాతిపెట్టకండి. ఫ్రీజర్లో గడ్డకట్టించకుండా ఐసు మధ్య పెట్టి ప్రభుత్వ పశువైద్యశాలకి తీసుకెళ్లి పోస్టుమార్టం అడగండి. ఆ రిపోర్టు, చాట్‌లు, యూపీఐ రసీదు, బోనుల ఫొటోలు దాచుకోండి.

మేం ఫిర్యాదు సిద్ధం చేస్తున్నాం. ఇలాగే స్టేషన్ దగ్గర కూనని అందుకున్నవాళ్లెవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. మీ కార్డు, మా కార్డు పక్కపక్కన పెడితే ఒకే చేతిరాత బయటపడొచ్చు. ఇంట్లో వేరే పిల్లులుంటే వెంటనే డాక్టరుకి చూపించండి. ఈ వైరస్ ఏడాది దాకా ఇంట్లోనే ఉండగలదు, ఫినాయిల్‌ని నమ్ముకోకుండా బ్లీచ్ కలిపిన నీళ్లతో కడగండి.