కనబడకుండా పోయినవారికి అపరకర్మ: గోదావరి గట్టున ఒక సేవ

రాజమహేంద్రవరంలో గోదావరి గట్టున అపరకర్మలు (మరణానంతర కర్మలు) జరిపించే ఒక సంస్థ గురించి ఈ సమీక్ష. మా పెదనాన్నగారు కాశీయాత్రకు వెళ్లి తిరిగి రాలేదు. ఏడేళ్లు దాటాక ఆయన కొడుకు, మా అన్నయ్య, ఆయన మరణించినట్లు భావించాలన్న కోర్టు డిక్రీ తెచ్చుకుని, ఇక కర్మ కూడా జరిపిస్తే పొలం, బ్యాంకు వ్యవహారాలు ఒక కొలిక్కి వస్తాయన్నాడు. మేనత్త పన్నెండేళ్లు నిండాలంది. పెద్దమ్మ అసలు ఆ మాటే ఇంట్లో ఎత్తవద్దంది.

ఫోనులో మాట్లాడినవారు సంగతి సగం విని, రాబోయే అమావాస్యకు ఖాయం చేసి అడ్వాన్సు కట్టించుకున్నారు. ఇలాంటి విషయంలో ఆ తొందర క్షమించరానిది. ఒక నక్షత్రం అందుకే తగ్గించాను.

అక్కడి శాస్త్రిగారు మాత్రం పెద్దమ్మతో సహా అందరినీ కూర్చోబెట్టి మాట్లాడారు. ఏడేళ్లుగా జాడ తెలియని వ్యక్తిని మరణించినట్లు భావించడం సాక్ష్య చట్టం నియమమనీ (పాత చట్టంలో 108వ సెక్షన్, 2024 జులై నుంచి భారతీయ సాక్ష్య అధినియమంలో 111), ఎప్పుడు మరణించారో అది చెప్పదు కనుక ఆ డిక్రీ ఆస్తికి పనికివస్తుంది గానీ మైలకూ తిథికీ ఆధారం కాదనీ వివరించారు. నిర్ణయసింధువు అనే ధర్మశాస్త్ర గ్రంథం పన్నెండేళ్లు ఆగమంటుందని విని మేనత్త గెలిచాననుకునే లోపే, తండ్రి విషయంలో కొడుకు పదిహేనేళ్లు ఆగాలన్న వచనమూ అందులోనే ఉందన్నారు. ఆ గడువు తీరాకే 360 మోదుగాకులతోనో దర్భలతోనో ప్రతిరూపం చేసి దహనం చేస్తారట.

"అదంతా అయ్యాక ఆయన వస్తే?" అని పెద్దమ్మ అడిగింది. నేతిలో ముంచి స్నానం చేయించి, పుట్టినప్పుడు చేసే జాతకర్మ మొదలుకొని సంస్కారాలన్నీ మళ్లీ జరిపి, భార్యతోనే తిరిగి పెళ్లి చేయాలని శాస్త్రం చెబుతోందన్నారు. డెబ్బై దాటిన పెదనాన్నకు బారసాల ఊహించి నవ్వాపుకోవడం నాకు కష్టమైంది కానీ, అంతవరకు ఎవరి మాటా వినని పెద్దమ్మ పదిహేనేళ్ల గడువుకు ఒప్పుకుంది; అప్పటిదాకా తన బొట్టు జోలికి ఎవరూ రాకూడదని షరతు పెట్టింది. అన్నయ్య గొణిగాడు గానీ, బ్యాంకు పనికి డిక్రీ చాలు, కర్మతో నిమిత్తం లేదని తేలాక ఊరుకున్నాడు.

సంభావన వద్దంటూనే శాస్త్రిగారు ఆ అమావాస్య బుకింగు రద్దు చేయించారు. అడ్వాన్సులో మాత్రం, ఏ సామగ్రీ కొనకుండానే, కార్యాలయంవారు కొంత కోసుకున్నారు. వెళ్లదలచినవారు ఫోనులో ఏమీ ఖాయం చేసుకోకుండా, ఇంట్లో ఒప్పుకోనివారిని కూడా వెంటబెట్టుకుని నేరుగా శాస్త్రిగారినే కలవడం మంచిది.