యాకిమా నది మీద డ్రిఫ్ట్ బోటు: ఏడు సీజన్ల తర్వాత

2019 వసంతంలో పదహారు అడుగుల ఫైబర్‌గ్లాస్ డ్రిఫ్ట్ బోటు (ఏటి వాలున తేలుతూ పోయే తెడ్ల పడవ) ఒకటి, ట్రైలర్‌తో కలిపి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 2025 అక్టోబర్‌తో ఏడు సీజన్లు పూర్తయ్యాయి. సియాటిల్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు ఫోన్ చేసి "చేపలు పట్టే ఆ పడవ ట్రిప్పు ఎలా ప్లాన్ చేస్తావు, మేమూ ఒకసారి వెళ్దామనుకుంటున్నాం" అని అడుగుతుంటారు. ఒక్కొక్కళ్లకి ముక్కలు ముక్కలుగా చెబుతూ వచ్చిందంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

అసలు మాట ముందే చెప్పేస్తా. అందరూ సెలవు ఎప్పుడు దొరుకుతుందో చూసి తేదీ పెట్టుకుంటారు, ఆ తర్వాత నది ఎలా ఉందని అడుగుతారు. ముందు నీళ్లు చూడండి, తర్వాత తేదీ పెట్టుకోండి. ఈ చిన్న సంగతి నా తలకెక్కడానికి రెండు సీజన్లు పట్టింది.

యాకిమా నది వాషింగ్టన్ రాష్ట్రంలో కాస్కేడ్ కొండల తూర్పు వైపు పుట్టి కొలంబియా నదిలో కలుస్తుంది. మేం వెళ్లేది ఎల్లెన్స్‌బర్గ్ ఊరి దిగువన కొండల మధ్య ఇరుకు లోయలా ఉన్న కాన్యన్‌కి. సియాటిల్ నుంచి ఐ-90 హైవే మీద స్నోక్వాల్మీ కనుమ దాటి రెండు గంటల పైచిలుకు ప్రయాణం. కనుమకి ఇటువైపు వాన, దట్టమైన అడవి. అటువైపు దిగితే ఎండుగడ్డి కొండలు, నల్లరాతి గోడలు, ఎండ. రాయలసీమ నుంచి వచ్చిన మా స్నేహితుడొకడు మొదటిసారి చూసి "మా ఊరి కొండల మధ్య ఎవరో నది పోసినట్టుంది" అన్నాడు. ఒక గట్టున రోడ్డు, ఇంకో గట్టున రైలు పట్టాలు. కొండ మీద పెద్ద కొమ్ముల అడవిగొర్రెలు కనబడతాయి.

ఇక నీళ్ల లెక్క. ఇది మనకి తెలిసిన లెక్కే. ధవళేశ్వరం దగ్గర ఇన్ని వేల క్యూసెక్కులు వదిలారని చిన్నప్పటి నుంచీ పేపర్లో చదివినవాళ్లం కదా, ఇక్కడా అవే క్యూసెక్కులు. కాన్యన్‌లో ఉమ్టానమ్ అనే చోట ప్రవాహం కొలిచే గేజ్ ఉంది, దాని అంకెలు ఆన్‌లైన్లో రోజూ దొరుకుతాయి. కొత్తవాళ్లు తికమకపడేది ఒక్క చోట: ఈ నది ఎండాకాలంలోనే నిండుగా పారుతుంది. ఎగువన కీచెలస్, కచెస్, క్లీ ఎలమ్ రిజర్వాయర్లలో మంచు కరిగిన నీళ్లు పట్టి ఉంచి, ఎండలు ముదిరాక కింద యాపిల్, చెర్రీ, హాప్స్ (బీరులో వేసే పూలు) తోటలకి వదులుతారు. కాలువ కింద పొలం ఉన్న ఇంట్లో పుట్టినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. మామూలు ఏడాదిలో జూలై, ఆగస్టుల్లో కాన్యన్‌లో 3,500 నుంచి 4,000 క్యూసెక్కుల దాకా ఉంటుంది.

సెప్టెంబర్ మొదట్లో ఆ నీళ్లు బాగా తగ్గించేస్తారు. ఇక్కడివాళ్లు దీన్ని ఫ్లిప్ ఫ్లాప్ అంటారు. యాకిమా ఎగువ భాగంలో నీళ్లు తగ్గించి, తోటలకి కావాల్సింది దిగువన యాకిమాలో కలిసే నాచెస్ నది వైపు రిజర్వాయర్ల నుంచి ఇస్తారు. కారణం సాల్మన్ చేప. చినూక్ సాల్మన్ ఆ రోజుల్లోనే ఎగువన గులకరాళ్లలో గుడ్లు పెడుతుంది. నది నిండుగా ఉన్నప్పుడు ఒడ్డు వారగా పెట్టిందంటే, చలికాలంలో నీళ్లు తగ్గాక ఆ గుడ్లు బయటపడి ఎండిపోతాయి. అందుకని గుడ్లు పెట్టే వేళకే నీళ్లు దించేస్తే, ఏడాది పొడుగునా తడి ఉండే చోటే పెడుతుంది. ఒక చేప కోసం రెండు నదుల నీళ్లు మార్చి వదలడం నాకు చాలా గొప్పగా అనిపించింది. ఇది తెలిశాకే ఈ నది మీద నాకు అసలైన అభిమానం పుట్టింది. సెప్టెంబర్, అక్టోబర్‌లలో నీళ్లలో దిగి నడిచేటప్పుడు, శుభ్రంగా తోమినట్టు తెల్లగా కనబడే గులకరాళ్ల మీద అడుగు వేయకండి. అక్కడ గుడ్లు ఉండొచ్చు.

మన ట్రిప్పుకి దీనివల్ల తేడా ఏంటంటే, 4,000 దగ్గర పడవ దిగి నిలబడే చోటు దొరకదు. చేపలన్నీ గట్టు వారన, చెట్ల కొమ్మల కిందే ఉంటాయి. పడవ ఆపకుండా పోతూనే గాలం వేయాలి. తెడ్డు వేసేవాడికి క్షణం తీరిక ఉండదు. శని, ఆదివారాలు ట్యూబుల మీద తేలుతూ వచ్చే జనంతో నది నిండిపోతుంది కూడా. అదే అక్టోబర్‌లో వెయ్యి పైచిలుకు క్యూసెక్కులున్నప్పుడు ఇసుక మేటలు, గులక మేటలు తేలతాయి. ఆగి, దిగి, టీ తాగి, తీరిగ్గా పట్టుకోవచ్చు. 2023, 2024, 2025 వరసగా మూడేళ్లు ఈ బేసిన్‌లో కరువు ప్రకటించారు కాబట్టి పాత అంకెలు నమ్ముకుని బయల్దేరకండి. ఆ వారం గేజ్ చూడాల్సిందే.

పడవ గురించి కాస్త ఎక్కువ చెబుతా, ఎందుకంటే డబ్బు పెట్టేది దీని మీదే. డ్రిఫ్ట్ బోటు అడుగు చదునుగా ఉంటుంది, ముందూ వెనకా పైకి లేచి ఉంటుంది. అందుకే లోతు లేని నీళ్ల మీద కూడా ఆకులా తేలుతుంది, ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. ఈ రకం పడవలు పక్క రాష్ట్రం ఆరెగాన్‌లోని మెకెంజీ నది మీద రూపుదిద్దుకున్నాయి. తెడ్డు వేసేవాడు మధ్యలో దిగువ వైపు ముఖం పెట్టి కూర్చుంటాడు. ముందొకరు, వెనకొకరు మోకాళ్లు ఆనించుకునే చట్రంలో నిలబడి గాలం వేస్తారు.

2022లో మా నాన్నగారు వచ్చినప్పుడు ముందు సీట్లో కూర్చోబెట్టాను. గోదావరి రేవులో పంటు మీద పుట్టి పెరిగినంత అలవాటున్న మనిషి. పది నిమిషాలు నా చేతుల వైపే చూసి, "ఏరా, పడవ కిందకి పోతుంటే నువ్వు పైకి లాగుతావేంటి?" అన్నారు.

"అదే నాన్నా ఇందులో కిటుకు. పోవడానికి ఏరు ఉంది. మనం దాని స్పీడు తగ్గించాలంతే."

"మరి ఆ రాయి?"

ముందు రాయి ఉంది. పడవ ముక్కు రాయి వైపే ఏటవాలుగా తిప్పి వెనక్కి రెండు సార్లు గట్టిగా లాగాను. పడవ పక్కకి జరిగి రాయిని దాటుకుంది. నాన్నగారు తల ఊపి, "ప్రమాదాన్ని చూస్తూ దాన్నుంచి వెనక్కి లాగాలన్నమాట" అన్నారు. నాకు నేర్పినవాళ్లెవరూ అంత సూటిగా చెప్పలేదు. ఆ మధ్యాహ్నం తెడ్లు ఆయనే తీసుకున్నారు. అరగంటలో నాకంటే నున్నగా నడిపారు, నీళ్ల చప్పుడే లేదు.

ఏడేళ్లలో పడవకి పెట్టిన ఖర్చు పెద్దగా లేదు. తెడ్డు కొక్కేలు రెండుసార్లు మార్చాను, అడుగున గీతలు పడితే ఒకసారి రెసిన్ పూశాను. మూడో తెడ్డు మాత్రం ఎప్పుడూ పడవలో ఉండాలి. ఒకటి విరిగితే మిగిలిన ఒక్కదానితో ఈ పడవ నడవదు.

నన్ను బాగా భయపెట్టింది లంగరు. ముప్ఫై పౌండ్ల బరువు పడవ వెనక వేలాడుతుంటుంది, పెడల్ తొక్కితే దిగుతుంది. 2021 జూలైలో నీళ్లు నిండుగా ఉన్న రోజు, ఒక మంచి చేప లేచిందని ఉరవడి మధ్యలో లంగరు వేశాను. రాళ్ల సందున ఇరుక్కుంది. తాడు బిగిసి పడవ వెనక భాగాన్ని కిందకి గుంజింది. అంచుకీ నీళ్లకీ నాలుగు వేళ్ల దూరం. వెనక నిలబడ్డ మా బావమరిది ముఖంలో రంగు పోయింది. పెడల్ నొక్కి పెట్టి తాడు మొత్తం వదిలేశాను. చివర ముడి లేదు కాబట్టి సర్రున జారి నదిలో పడిపోయింది, పడవ లేచింది. లంగరు పోయింది, మేం మిగిలాం. అప్పటి నుంచి నిదానంగా పారే నీళ్లలో తప్ప లంగరు వేయను. తాడు చివర ముడి వేయను. జేబులో కత్తి లేకుండా ఎక్కను. లైఫ్ జాకెట్ సంగతికొస్తే, పన్నెండేళ్లు, అంతకు లోపు పిల్లలు ఇంత పడవలో వేసుకుని తీరాలని ఇక్కడి చట్టం. మా పడవలో వయసుతో పనిలేదు, అందరూ వేసుకోవాల్సిందే. అది మంచు నీళ్లు, ఈత వచ్చినా కాళ్లూ చేతులూ కొయ్యబారిపోతాయి.

ప్లానింగ్‌లో చాలామంది మర్చిపోయేది షటిల్. పడవ ఒక్క వైపే పోతుంది. పైన దించిన చోట మీ కారు, ట్రైలర్ ఉండిపోతాయి. డబ్బులిస్తే వాటిని కింద రేవుకి చేర్చేవాళ్లు ఉన్నారు, నలభై డాలర్ల చుట్టూ అవుతుంది. ముందురోజే ఫోన్ చేసి, ఏ రేవులో పడవ దించుతారో, ఏ రేవులో గట్టెక్కుతారో, తాళం ఎక్కడ పెడతారో స్పష్టంగా చెప్పాలి. ఒకసారి మా ట్రైలర్‌ని చివరి రేవు రోజా దగ్గర కాకుండా ఎగువన లమూమా రేవు దగ్గర వదిలేశారు. మేం చీకటిపడే వేళకి రోజా చేరి చూస్తే రేవు ఖాళీ. కాన్యన్‌లో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. ఎవరో పుణ్యాత్ములు వాళ్ల ట్రక్కులో ఎక్కించుకుంటే వెళ్లి తెచ్చుకున్నాం. అప్పటి నుంచి రేవు పేరు కాగితం మీద రాసి డాష్‌బోర్డ్ మీద పెడుతున్నాను, రెండో తాళం నా జేబులో ఉంటుంది.

రోజా రేవు దాటి పోకూడదు. దాని కిందే డ్యామ్. మొదటిసారి వెళ్లేవాళ్లు పడవ దించకముందు కారులో రోజా దాకా వెళ్లి, నీళ్ల మీద నుంచి ఆ రేవు ఎలా కనబడుతుందో గుర్తుపెట్టుకోండి. పైన రింగర్, బిగ్‌హార్న్, ఉమ్టానమ్, లమూమా రేవులున్నాయి. కొన్నిటికి డిస్కవర్ పాస్ (రాష్ట్ర స్థలాల్లో బండి ఆపడానికి తీసుకునేది) కావాలి, కొన్నిటికి వేసవిలో రోజు ఫీజు కట్టాలి. ఫీజు కవర్లో పెట్టడానికి చిల్లర ఉంచుకోండి. పడవ దించే ముందు అడుగు బిరడా చేత్తో తడిమి చూడండి. 2019లో అది పెట్టకుండానే దించేశాను, చీలమండ దాకా నీళ్లు వచ్చాక గానీ తెలియలేదు.

గాలి గురించి కూడా. ఎల్లెన్స్‌బర్గ్ చుట్టూ గాలిమరలు ఊరికే పెట్టలేదు. వసంతంలో మధ్యాహ్నం దాటితే గాలి మలుపు మలుపుకీ దిక్కు మార్చి కొడుతుంది. గంటకి ఇరవై మైళ్లు దాటుతుందని చెబితే నేను ఇంట్లోనే ఉంటాను. ఇంత ఎత్తు అంచులున్న పడవ తెరచాపలా పనిచేస్తుంది, ఏరు కిందకి, గాలి పైకి, మధ్యలో మన భుజాలు.

ఇంతకీ చేపలు. ఎక్కువ రెయిన్‌బో ట్రౌట్, కొన్ని కట్‌త్రోట్. ఈ భాగంలో ట్రౌట్‌ని పట్టి వదిలేయాల్సిందే. ఎర వాడకూడదు, ముల్లు లేని ఒంటి గాలమే వాడాలి. పులుసుకి చేప కావాలనుకునేవాళ్లు వేరే చెరువు చూసుకోండి, ఇది ఆ నది కాదు. లైసెన్స్ పదిహేనేళ్లు నిండినవాళ్లందరికీ కావాలి. అది ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా ఉంటుంది, కాబట్టి మార్చిలో ఒక్క ట్రిప్పుకైతే రోజు లైసెన్స్ తీసుకోండి.

మార్చిలో స్క్వాలా అనే పురుగు గట్టు రాళ్ల మీదకి పాకి వస్తుంది, గుడ్లు పెట్టడానికి మళ్లీ నీళ్ల మీద వాలుతుంది. ముదురు ఆలివ్ రంగు, చిటికెన వేలి గోరుకి రెండింతల పొడవు. దాన్ని పోలిన, ఈకలూ దారాలతో కట్టిన గాలాన్ని గట్టుకి జానెడు దూరంలో వేసి, నీళ్లు ఎంత వేగంగా పోతే అంతే వేగంగా పోనివ్వాలి. దారం లాగిందా, చేప నమ్మదు. ఈ ఏడాది మార్చి చివర్లో ఒకటి అలా లేచింది. చప్పుడు లేదు, ముక్కు మాత్రం పైకొచ్చి గాలం మాయమైంది. రబ్బరు వలలోకి తీసుకున్నాక చూస్తే పద్నాలుగు అంగుళాలు, పక్కన పొడుగ్గా గులాబీ చార, దాని మీద మిరియాలు చల్లినట్టు చుక్కలు. చేతులు తడిపి, నీళ్లలోనే ఉంచి గాలం తీశాను. ఎదురు ఏటికి ముఖం పెట్టి పట్టుకుంటే రెండు నిమిషాలు మొప్పలు ఆడించి, తోక ఒక్కసారి విదిల్చి వెళ్లిపోయింది. మా అబ్బాయి దాన్ని తాకిన వేలిని చాలాసేపు వాసన చూసుకుంటూ కూర్చున్నాడు.

కొనాలా, గైడ్‌తో వెళ్లాలా? ఏడాదికి రెండు మూడు సార్లయితే కొనకండి. ఇద్దరికి రోజంతా గైడ్ 600 డాలర్ల పైమాటే, టిప్పు వేరు. కానీ మొదటి రెండు ట్రిప్పులు ఆ డబ్బు పెట్టి తీరాలి. చేపల కంటే ఆయన తెడ్డు ఎక్కడ వేస్తున్నాడో చూడండి, అడిగితే సంతోషంగా చెబుతారు. పార్కింగ్‌లో ట్రైలర్ పెట్టుకునే చోటు లేని అపార్ట్‌మెంట్ వాళ్లకి నెలనెలా స్టోరేజ్ అద్దె కూడా తోడవుతుంది.

సొంతంగా తెడ్డు పట్టే మొదటి రోజు మాత్రం అక్టోబర్ రెండో వారంలో, శని, ఆదివారాలు కాకుండా పెట్టుకోండి. ఉమ్టానమ్‌లో తొమ్మిదికి దించి రోజాలో గట్టెక్కండి. ఉమ్టానమ్‌లో వేలాడే వంతెన దగ్గర టాయిలెట్లున్నాయి. పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో పెట్టుకోండి, చెయ్యి కడుక్కోవడానికి నీళ్లకి కొరత లేదు. ఎండ ఉన్న రోజు గట్టు ఎక్కేటప్పుడు రాళ్ల సందుల్లో గిలకపాములు (రాటిల్‌స్నేక్‌లు) ఉంటాయి, చూసి చెయ్యి పెట్టండి. నాలుగున్నరకల్లా రోజా రేవులో ఉండేలా బయల్దేరండి. ఆ నెలలో కొండ నీడ నది మీద పడిందంటే పది నిమిషాల్లో చలి మొదలవుతుంది, పొడి సాక్సులు కారులో పెట్టుకోండి.