పికప్ ఫ్యూయల్ సెండర్ కొనేవారికి హెచ్చరిక: ఓమ్స్ లెక్క తెలుసుకోకుండా డబ్బు కట్టవద్దు

పికప్ ట్రక్కులో ఫ్యూయల్ గేజ్ తప్పు చూపిస్తోందని, ట్యాంకులో ఉండి ఇంధన మట్టాన్ని గేజ్‌కు తెలిపే సెండర్‌ను గానీ, పంపుతో కలిపి వచ్చే మొత్తం అసెంబ్లీని గానీ ఆన్‌లైన్‌లో కొనబోతున్న వారు ఆర్డరు పెట్టే ముందు ఇది చదవాలని మనవి. ‘మీ మోడల్‌కు సరిపోతుంది’ అని అమ్మకందారు రాసినంత మాత్రాన ఆ భాగం మీ గేజ్‌తో పొసగుతుందన్న భరోసా లేదు. బోల్టులు సరిపోతాయి, ప్లగ్గు సరిపోతుంది, పంపు కూడా ఇంధనాన్ని చక్కగా తోడుతుంది. ముల్లు మాత్రం తప్పుడు లెక్క చెబుతుంది. నాకు జరిగింది సరిగ్గా ఇదే.

మా బండిలో ట్యాంకు నింపాక ముల్లు కొంతవరకు సక్రమంగానే దిగేది. సగం దగ్గరికి రాగానే ఒక్కసారిగా ఖాళీకి పడిపోయి, కాసేపటికి మళ్లీ లేచేది. పాత సెండర్‌ను బయటికి తీయించి చూస్తే కారణం కంటికే కనిపించింది. ఇంధనం మీద తేలే ఫ్లోట్ పైకీ కిందికీ కదిలినప్పుడల్లా దాని కడ్డీకి ఉన్న సన్నని లోహపు కాంటాక్టు ఒక సిరామిక్ పలక మీది గీతల వెంట జారుతుంది. అది ఉన్న చోటును బట్టి విద్యుత్ నిరోధం (దీన్ని ఓమ్స్‌లో కొలుస్తారు) మారుతుంది, ఆ నిరోధాన్ని చూసే గేజ్ ముల్లును కదుపుతుంది. మా పలక మీద నడిమి గీతలు నల్లగా మారి, ఒకచోట కాంటాక్టు రాసుకొని రాసుకొని పూత పూర్తిగా లేచిపోయి ఉంది. వెండి కలిసిన కాంటాక్టులను ఇంధనంలోని గంధకం ఇలా నల్లబరుస్తుంది కనుక, సెండర్ మార్చాలన్న నిర్ణయంలో తప్పేమీ లేదు.

కొత్త అసెంబ్లీ కోసం ఒక ఆన్‌లైన్ అమ్మకందారుకు బండి మోడల్, తయారీ సంవత్సరం, ఇంజను వివరాలు పంపాను. సరిపోతుందని వారు రాతపూర్వకంగా ధ్రువీకరించిన తరువాతే డబ్బు కట్టాను. బిగించి ట్యాంకు అంచు దాకా నింపితే ముల్లు పావు వరకు కూడా రాలేదు. ఇంకా దాదాపు సగం ఇంధనం ఉండగానే ఖాళీ గీత మీద కూర్చుని హెచ్చరిక దీపం వెలిగించింది.

దీనికి కారణం తెలుసుకుంటే మీ డబ్బు మిగులుతుంది. సెండర్లన్నీ ఒకే కొలతలో ఉండవు. జనరల్ మోటార్స్ పాత బండ్లలో ట్యాంకు ఖాళీగా ఉంటే సున్నా ఓమ్స్, నిండుగా ఉంటే 90 ఓమ్స్ వచ్చే సెండర్లు ఉండేవి. తరువాత వచ్చిన అనేక మోడళ్లలో అది ఖాళీకి 40, నిండుకు 250 అయింది. ఫోర్డ్ పాత బండ్లలో లెక్క తలకిందులు: ఖాళీకి సుమారు 73, నిండుకు 10. మా గేజ్ 40 నుంచి 250 వరకు చదివే రకం. వచ్చిన సెండర్‌ను మల్టీమీటర్‌తో (నిరోధాన్ని కొలిచే పరికరం) కొలిస్తే సున్నా నుంచి 90 వరకే పోతోంది. ట్యాంకు నిండినా అది ఇచ్చేది 90, అంటే మా గేజ్ దృష్టిలో పావు కంటే కాస్త తక్కువ. ఇంధనం ఇంకా నలభై శాతానికి పైగా ఉండగానే నిరోధం 40కి దిగిపోతుంది, గేజ్ ఖాళీ అంటుంది.

మా విషయంలో గేజ్ ఉన్న ఇంధనాన్ని తక్కువ చేసి చూపింది కాబట్టి దారిలో ఆగిపోలేదు. ఇదే తేడా ఎదురు తిరిగితే ప్రమాదం. సున్నా నుంచి 90 వరకు చదివే పాత గేజ్‌కు 40–250 సెండర్‌ను బిగిస్తే, ట్యాంకులో పావు వంతు మిగిలే దాకా ముల్లు నిండుగానే నిలుస్తుంది. చివరి చుక్క అయిపోయినా దాదాపు సగం దగ్గర ఆగుతుంది. బరువు ఎక్కించిన పికప్ రాత్రిపూట హైవే మధ్యలో ఆగిపోవడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. పైగా ట్యాంకులోని పంపును చల్లబరిచేది ఆ ఇంధనమే కనుక, తరచూ అడుగంటే దాకా నడిపితే పంపు కూడా దెబ్బతింటుంది.

అమ్మకందారు మొదట డాష్‌బోర్డులోని మీటర్ పాడైందన్నారు, తరువాత వైరింగ్ లోపమన్నారు. పాత, కొత్త సెండర్లను పక్కపక్కన పెట్టి కొలుస్తూ తీసిన వీడియో పంపితే, ఇంధనం తగిలిన ఎలక్ట్రికల్ భాగాలను వాపసు తీసుకోబోమని తేల్చేశారు. ట్యాంకులో ముంచకుండా సెండర్ పనితీరును బండిలో పరీక్షించేది ఎలాగో వారు చెప్పలేదు. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే: తప్పుడు వస్తువు పంపినవారు, దాన్ని వాడి చూశారన్న సాకుతో తప్పించుకుంటున్నారు. మధ్యలో ఒక గ్యారేజీ వారు డాష్‌బోర్డులోని మీటర్ సెట్ మొత్తం మార్చమని సలహా ఇచ్చారు. ఆ మాట విని ఉంటే ఇంకో పెద్ద ఖర్చు వృథాగా పోయేది.

కాబట్టి ఏ భాగమైనా కొనే ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోండి. అన్నింటికంటే ముందు సెండర్‌ను బండి ఛాసిస్‌కు కలిపే ఎర్త్ వైరును చూడాలి. పికప్‌లో అది ఛాసిస్‌కు బిగించే చోట బురదా నీరూ నేరుగా తగులుతాయి, తుప్పు పడుతుంది. తుప్పు వల్ల అదనంగా చేరే కొద్ది ఓమ్స్ చాలు ముల్లును తప్పుదారి పట్టించడానికి. ఆ బోల్టు విప్పి, శుభ్రంగా గీకి, మళ్లీ బిగించడంతోనే సమస్య తీరిన బండ్లు ఉన్నాయి. ఇంధనం ముల్లుతో పాటు ఉష్ణోగ్రత ముల్లు కూడా తప్పు చూపిస్తుంటే సెండర్ జోలికి పోకుండా మీటర్ వైపు, దానికి వచ్చే కరెంటు వైపు వెతకాలి. ముల్లు ఎప్పుడూ ఖాళీ దగ్గరే ఉంటే ఫ్లోట్‌లోకి ఇంధనం చేరి అది మునిగిపోయి ఉండవచ్చు. బయటికి తీసి చెవి దగ్గర ఊపితే లోపల ద్రవం కదిలే చప్పుడు వినిపిస్తుంది. అప్పుడు ఫ్లోట్ ఒక్కటీ మారిస్తే చాలు.

పాత బండ్లలో సెండర్ వైరును క్షణంపాటు ఎర్త్‌కు తాకించి ముల్లు కదులుతుందో లేదో చూసే పద్ధతి ఉంది. కదిలితే గేజ్, వైరు బాగున్నట్లే. అయితే ఆ తాకించడం ట్యాంకు మూతి దగ్గర, ఆవిరి ఉన్నచోట ఎంతమాత్రం చేయకూడదు. సెండర్ సమాచారం బండిలోని కంప్యూటర్ గుండా వెళ్లే కొత్త బండ్లలో ఈ పద్ధతే వద్దు. వాటికి స్కానర్ పెట్టి, కంప్యూటర్ చదువుతున్న ఇంధన మట్టం, డాష్‌బోర్డు చూపే మట్టం ఒకటేనా అని సరిచూడాలి. రెండూ ఒకేలా తప్పుగా ఉంటే లోపం ట్యాంకు వైపు, వేర్వేరుగా ఉంటే డాష్‌బోర్డు వైపు. స్కానర్ చూపే లోపాల కోడ్లలో పీ0460 నుంచి పీ0464 వరకు ఉండేవి ఈ సర్క్యూట్‌కు సంబంధించినవే, అయితే కోడ్ వచ్చినంత మాత్రాన సెండరే పోయిందని అర్థం కాదు.

కొత్త భాగం చేతికి రాగానే, బిగించకముందే, మల్టీమీటర్ తీగలను సెండర్ పిన్నులకు పెట్టి ఫ్లోట్‌ను అడుగు నుంచి పై దాకా మెల్లగా ఎత్తండి. రెండు చివర్ల అంకెలు మీ బండి సర్వీస్ మాన్యువల్‌తో కలవాలి, మధ్యలో అంకె ఎక్కడా ఎగిరిపడకూడదు. పెట్టె తెరవడం నుంచి ఈ కొలత పూర్తయ్యే దాకా వీడియో తీసి ఉంచుకోండి. తేడా వస్తే బిగించకుండానే వాపసు పంపండి. మధ్యలో ఒక రెసిస్టర్ (నిరోధాన్ని పెంచే చిన్న భాగం) కలిపితే సరిపోతుందని కొందరు చెబుతారు, నమ్మవద్దు. సున్నా–90 సెండర్‌కు 40 ఓమ్స్ కలిపితే 40–130 అవుతుంది. ఖాళీ గీత సరిపోయినా, నిండు ట్యాంకు సగం కంటే తక్కువే చూపిస్తుంది.

పాత పికప్ కొనేవారికి కూడా ఒక మాట. ‘గేజ్ ఒక్కటే కాస్త తేడా, ఫ్యూజు మారిస్తే చాలు’ అంటే అంగీకరించకండి. చాలా పికప్‌లలో సెండర్ ట్యాంకు పైభాగాన ఉంటుంది. దాన్ని అందుకోవాలంటే ట్యాంకు దించాలి, లేదా వెనుక లోడ్ బాడీ బోల్టులు విప్పి పైకి ఎత్తాలి. సామాను ఖర్చు కంటే ఆ కూలి ఎక్కువ కావచ్చు, దాన్ని బేరంలో తగ్గించి మాట్లాడండి. ఆ పని చేసేటప్పుడు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయాలి, ఇంజను చల్లారి ఉండాలి, పైపుతో నోటితో ఇంధనం పీల్చకూడదు.

ఆర్డరు పెట్టే ముందు అమ్మకందారును రెండే ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి: ఈ సెండర్ ఖాళీకి ఎన్ని ఓమ్స్, నిండుకు ఎన్ని ఓమ్స్? అంకెలు చెప్పకుండా ‘మీ మోడల్‌కు సరిపోతుంది’ అన్న జవాబే మళ్లీ వస్తే, అక్కడ కొనవద్దు.