బాడ్లియన్ లైబ్రరీ: కొన్నేళ్ళు వాడాక

ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ లైబ్రరీ బాడ్లియన్ గురించి ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఒకటే: ఇక్కడ పుస్తకం ఇంటికి ఇవ్వరు. బతిమాలినా ఇవ్వరు. 1645లో, ఇంగ్లండ్ అంతర్యుద్ధం రోజుల్లో ఈ ఊళ్ళోనే మకాం పెట్టిన మొదటి చార్లెస్ రాజు ఒక పుస్తకం కావాలని కబురంపితే, రూల్సు చూపించి కుదరదన్నారు. నాకు ఈ లైబ్రరీలో బాగా నచ్చింది ఆ మొండితనమే. ఎవరో పట్టుకెళ్ళి ఏడాదైనా తిరిగివ్వలేదన్న గొడవ ఉండదు.

యూనివర్సిటీతో సంబంధం లేనివాళ్ళు కూడా కార్డుకి అప్లై చేసుకోవచ్చు. ఏ పని మీద చదవాలో చెప్పి, గుర్తింపు కాగితాలు చూపాలి. పుస్తకాలు పాడుచేయను, లోపలికి నిప్పు తేను, మంట రాజేయను, పొగ తాగను అని ప్రమాణం కూడా చేయాలి. నవ్వొచ్చినా సరే, చేయాల్సిందే.

ఫొటోల్లో అందరూ చూసేది డ్యూక్ హంఫ్రీ గది. 15వ శతాబ్దపు కట్టడం, రంగులద్దిన చెక్క పైకప్పు, చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. అలా పైకప్పు చూస్తూ కూర్చుంటే పేజీ తిరగదు, అదే చిక్కు. ఇదే లైబ్రరీకి చెందిన గుండ్రటి భవనం పేరు రాడ్‌క్లిఫ్ కెమెరా, దాని గుమ్మటం కిందా అంతే. పరీక్షల ముందైతే స్టూడెంట్లతో కిక్కిరిసి ఉంటుంది.

నాకు పని సాగేది రోడ్డుకి అవతల, బాడ్లియన్ వాళ్ళదే అయిన వెస్టన్ లైబ్రరీలో. రాతప్రతులు, పాత అచ్చు పుస్తకాలు చూపించేది అక్కడే. బ్యాగు లాకర్లో, పెన్ను జేబులో. చేతిలో పెన్సిల్ మాత్రమే. పుస్తకాన్ని బల్ల మీద పరిచేయకూడదు. రెండు పక్కలా స్పాంజి దిమ్మెలు పెట్టి, వాటి మధ్య ఎంత తెరుచుకుంటే అంతే తెరవాలి. పేజీ లేవకుండా గుడ్డలో కుట్టిన బరువైన దండ ఒకటి దాని మీద వేస్తారు. మొదట్లో చేతులు వణుకుతాయి, తర్వాత ఇంట్లో పుస్తకాలు తీసే పద్ధతి కూడా మారిపోతుంది. 1881లో పెషావర్ దగ్గర పొలంలో దొరికిన బక్షాలీ రాతప్రతి, సున్నాని చుక్కగా రాసిన ఆ భోజపత్రాలు, ఈ లైబ్రరీ సొత్తే. కింది హాల్లో ఎగ్జిబిషన్లు ఉచితం, కార్డు అక్కర్లేదు.

అచ్చయిన ప్రతి పుస్తకం ఒక కాపీ ఇవ్వాలని 1610లో లండన్ ప్రచురణకర్తల సంఘంతో కుదిరిన ఒప్పందం నుంచీ ఇక్కడికి కొత్త పుస్తకాలు వచ్చిపడుతూనే ఉన్నాయి. 1623 నాటి షేక్‌స్పియర్ నాటకాల సంపుటి అలాగే వచ్చింది. తర్వాత కొత్త ముద్రణ రాగానే పాతదెందుకని వదిలించుకుని, 1906లో దాన్నే 3,000 పౌండ్లు పోసి మళ్ళీ కొనుక్కున్నారు! ఇప్పుడు చోటు చాలక చాలా పుస్తకాలు స్విండన్ అనే ఊళ్ళోని గోడౌన్‌లో ఉంటాయి, వ్యాన్లో రావాలి. అందుకే ముందురోజే ఆర్డర్ పెట్టుకోండి. నాకు చిరాకు తెప్పించేది 2013 నుంచి వచ్చిన ఈ-పుస్తకాల చట్టం. ఆ చట్టం కింద వచ్చే పుస్తకాల్ని లైబ్రరీ కంప్యూటర్ ముందు కూర్చునే చదవాలి, డౌన్‌లోడ్ కుదరదు. అరచేయంత ఫోన్లో ప్రపంచమంతా తిరిగే రోజుల్లో ఇదేం పద్ధతో!

ఇంటికి తెచ్చుకుని పడుకుని చదివే రకమైతే వెస్ట్‌గేట్ షాపింగ్ సెంటర్‌లోని కౌంటీ లైబ్రరీలో చేరండి. జిల్లా పాత రికార్డులు, మ్యాపులు కావాలంటే ఆక్స్‌ఫర్డ్‌లోనే కౌలీ అనే పేటలో, ఒకప్పటి చర్చిలో నడుస్తున్న హిస్టరీ సెంటర్‌కి వెళ్ళాలి.